చేతికి 152, కాలికి 98: ఉద్దానం నుంచి వచ్చిన ఓ బాబు కేసు

తొమ్మిదేళ్ళ బాబు. నాలుగో తరగతి చదువుతున్నాడు. ఊరు ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య. శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి వాడిని తల్లి, నాయనమ్మ, మేనమామ తీసుకొచ్చారు. తండ్రి చెన్నైలో పనికి వెళ్ళి ఉన్నాడు. వచ్చిన కారణం ఒక్కటే: పిల్లాడికి బీపీ ఉందన్నారు, కిడ్నీలు పాడయ్యాయేమో చూడాలి. తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వాళ్ళెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఉద్దానం గురించి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ కేసు ఇలా ఎందుకు నడిచిందో అర్థం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బు ఉంది. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకోసమే కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అక్కడ ఎవరికైనా బీపీ ఉందంటే చాలు, వెంటనే వచ్చే ప్రశ్న 'క్రియాటినిన్ ఎంత?' అనే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. ఈ బాబు తాత డయాలసిస్ మీద ఉన్నాడు. అందుకని వాళ్ళు పరీక్షలన్నీ చేయించుకుని ఫైలు పట్టుకునే వచ్చారు. క్రియాటినిన్ 0.5, మామూలే. యూరియా కూడా మామూలే. మూత్రంలో ప్రొటీన్ లేదు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ వయసుకి తగ్గ సైజులోనే ఉన్నాయి.

ఫైలు మూసేలోపు నాయనమ్మ అడిగింది: "కిడ్నీలు బాగున్నాయంటన్నారు కదా బావూ, మరి బీపీ ఎందుకొచ్చినట్టు?"

ఆ ఫైల్లో ఉన్న కాగితాలన్నిటికన్నా ఈ ప్రశ్న విలువైనది. పెద్దవాళ్ళ బీపీలో చాలావాటికి ఫలానా కారణమని చూపించలేం. పదేళ్ళలోపు సన్నటి పిల్లాడికి 150 బీపీ ఉంటే మాత్రం వెనక ఏదో ఒకటి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. అందులో కిడ్నీని మొదట అనుమానించడం న్యాయమే, పిల్లల్లో బీపీ పెంచే జబ్బుల్లో మొదటి స్థానం కిడ్నీదే. (ఉద్దానం జబ్బు ప్రధానంగా పెద్దవాళ్ళది. పైగా తొలి దశల్లో బీపీని పెద్దగా పెంచదు. కానీ ఇంట్లో డయాలసిస్ చూస్తున్నవాళ్ళకి ఈ మాట ఊరటనివ్వదు, ఇవ్వాలనుకోవడం కూడా మన అమాయకత్వం.) కిడ్నీలు బాగున్నాయని తేలాక 'అమ్మయ్య' అనుకుని ఊరుకుంటేనే ప్రమాదం.

అంతకు ముందు జరిగింది

రెండేళ్ళుగా బాబు కాళ్ళు పీకుతున్నాయంటున్నాడు. ఎప్పుడు అని అడిగాను. పరిగెత్తితే, కబడ్డీ ఆడితే. ఆట మధ్యలో కూర్చుండిపోతాడు, కాసేపటికి లేచి మళ్ళీ ఆడతాడు. రాత్రి పడుకున్నాక ఏ బాధా లేదు. ఎదిగే పిల్లలకి వచ్చే మామూలు కాళ్ళ నొప్పులు దీనికి సరిగ్గా ఎదురు. అవి సాయంత్రమో రాత్రో, ఆట అంతా అయిపోయాక వస్తాయి, పొద్దున్నకి పోతాయి. నడిచినా పరిగెత్తినా పట్టేసి, ఆగితే వదిలేసే నొప్పి అంటే కండకి చాలినంత రక్తం అందడం లేదని అనుమానించాలి. ఆ తేడా ఎవరూ అడగలేదు. కాల్షియం టానిక్కులు మాత్రం సీసాలకి సీసాలు తాగించారు.

తలనొప్పి అప్పుడప్పుడూ ఉంది. ఎండాకాలంలో ముక్కులోంచి రక్తం కారింది, వేడి చేసిందనుకున్నారు. రెండోసారి కారినప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ బీపీ చూశాడు. పెద్దవాళ్ళకి వాడే పట్టీయే కట్టాడు. 150 వచ్చింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. పట్టీ చేతికి మరీ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. పెద్దవాళ్ళ పట్టీతో పిల్లాడికి 150 వచ్చిందంటే అసలు అంకె అంతకన్నా తక్కువ ఉండే అవకాశం లేదు. 'పట్టీ సరైనది కాదులే' అని కొట్టిపారేయడానికి కుదరని సందర్భం ఇది. ఆర్‌ఎంపీలని తిట్టడం మా వృత్తిలో అలవాటు. కానీ ఈ పిల్లాడికి పుట్టిన దగ్గర్నుంచీ మొట్టమొదట బీపీ చూసింది ఆయనే.

పుట్టుక ప్రభుత్వాస్పత్రిలో, నెలలు నిండాక, 2.8 కిలోలు. వెంటనే ఏడ్చాడు, పాలు బాగానే తాగాడు. టీకాలకి తీసుకెళ్ళినప్పుడు ఎవరో గుండె దగ్గర చిన్న శబ్దం ఉంది, పెద్దయితే పోతుందన్నారట. కాగితం మీద ఏమీ లేదు. పట్నంలో ఒకచోట బీపీకి ఎనలాప్రిల్ రాశారు. అది మొదలుపెట్టి అప్పటికి కొద్ది రోజులే అయింది.

పరీక్ష

బరువు 24 కిలోలు, ఎత్తు 128 సెంటీమీటర్లు. చొక్కా, నిక్కరు విప్పించి నిలబెడితే భుజాలు, ఛాతీ బాగా ఎదిగినట్టు ఉన్నాయి, పిక్కలు మాత్రం సన్నగా. ఈ ఒక్కదాన్నిబట్టి ఏమీ తేల్చలేం, చాలామంది పిల్లలు అలాగే ఉంటారు. పడుకోబెట్టి కుడి చేతి మణికట్టు మీద మూడు వేళ్ళు, గజ్జల్లో మూడు వేళ్ళు పెట్టాను. గజ్జల్లో చెయ్యి పెడితే పిల్లలకి చక్కిలిగింత. వీడూ కిలకిలా నవ్వి పొట్ట బిగబట్టాడు. బిగబడితే నాడి దొరకదు. ఈ ఏడు జీడిపిక్కలు ఎంతకి అమ్మారని అడిగితే లెక్క చెప్పడంలో పడి ఒళ్ళు వదిలేశాడు. అప్పుడు తెలిసింది. చేతి నాడి గట్టిగా, ఎగిరెగిరి కొడుతోంది. గజ్జల్లో నాడి వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక కూడా సన్నగా, చేతి నాడి కొట్టిన రవ్వంత తర్వాత వస్తోంది. మామూలుగా రెండూ ఒక్కసారే కొట్టాలి.

తర్వాత నాలుగు చోట్లా బీపీ. చేతులకి పిల్లల పట్టీ. తొడకి మాత్రం పెద్దవాళ్ళ చేతి పట్టీ సరిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లాడి చేతికి పనికిరాని పట్టీయే వాడి తొడకి పనికొస్తుంది కాబట్టి, 'మా దగ్గర కాలి పట్టీ లేదు' అనే సాకు చిన్న క్లినిక్‌లకి కూడా చెల్లదు. కుడి చేతికి 152/88. ఎడమ చేతికి 148/86. కుడి కాలికి 98/70, ఎడమ కాలికి 96/70.

ఆ వయసు పిల్లలకి పై అంకె సుమారు 115 లోపు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, కాలి బీపీ చేతి బీపీకి సమానంగానో 10, 20 ఎక్కువగానో ఉంటుంది. చేతికన్నా కాలికి 20 తగ్గితేనే అనుమానం రావాలి. ఇక్కడ 54 తగ్గింది. ఇలాంటప్పుడు అనుమానించేది గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో ఇరుకుని. రెండు చేతులకీ ఎందుకు చూడాలంటే, ఎడమ చేతికి వెళ్ళే కొమ్మ కొందరిలో ఆ ఇరుకు దగ్గరే మొదలవుతుంది. అప్పుడు ఎడమ చేతి అంకె ఉత్తినే తక్కువగా వచ్చి మోసపోతాం. ఒక్క చెయ్యి మాత్రమే చూసే వీలుంటే కుడిది చూడాలి.

స్టెతస్కోపు ముందు పెడితే ఎడమ వైపు పైభాగంలో శబ్దం ఉంది, కానీ అంత గట్టిగా లేదు. వీపు మీద, వెన్నెముకకీ ఎడమ రెక్క ఎముకకీ మధ్య పెడితే అక్కడ ఇంకా స్పష్టంగా వినిపించింది. ముందుకి వంగి నిలబడమంటే రెక్క ఎముక అంచున చర్మం కింద రక్తనాళం కొట్టుకోవడం వేలికి తగిలింది. తల్లిని పిలిచి ఆ చోట వేలు పెట్టించాను. "ఇది ఉండకూడదాండి?" అంది. వీపు మీద అంత లావు ధమని ఎవరికీ తగలకూడదు.

ఇంక జబ్బు ఏమిటో తెలిసిపోయింది. ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్), స్కాన్‌లు ఎంత ఇరుకు, ఎక్కడ, ఇంకేమున్నాయి అని తేల్చుకోవడానికే.

ఇరుకు ఎక్కడ, ఎందుకు

గుండె ఎడమ గది నుంచి బృహద్ధమని పైకి లేచి, మెడ కింద వంపు తిరిగి, వెన్నెముక పక్కనే కిందికి దిగుతుంది. వంపు మీద నుంచి తలకీ చేతులకీ కొమ్మలు వెళతాయి. ఎడమ చేతి కొమ్మ దాటిన వెంటనే, కిందికి దిగే మలుపులో, ఈ బాబుకి ధమని నొక్కుకుపోయి ఉంది. డాక్టర్లు కోఆర్క్టేషన్ అంటారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో నూటికి 5 నుంచి 8 దాకా ఇదే. మగపిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లలో కనిపిస్తే, ముఖ్యంగా ఎత్తు తక్కువగా ఉంటే, టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడం) ఉందేమో క్రోమోజోముల పరీక్ష చేయించాలి.

నేను కాగితం మీద బొమ్మ గీస్తుంటే మేనమామ మధ్యలోనే అందుకున్నాడు. "తోటకి నీళ్ళు కడతన్నప్పుడు పైపు మడత పడిపోతే మోటారు కాడ ఉబ్బిపోద్ది, చివర చెట్లకి చుక్కలే పడతాయి, అదే కదండి?" అదే. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అయితే శరీరం ఊరికే కూర్చోదు. ఛాతీ లోపలి ధమనులు, పక్కటెముకల కింద నడిచే ధమనులు ఏళ్ళ తరబడి లావెక్కి, ఇరుకుని తప్పించుకుని చుట్టూ తిరిగి కింది భాగానికి రక్తం చేరవేస్తాయి. వీపు మీద వేలికి తగిలింది అందులో ఒకటి. కాలికి ఆ 98 అయినా ఉండడం వీటి పుణ్యమే. పిల్లాడు ఇన్నాళ్ళు ఎక్కువ ఇబ్బంది లేకుండా బడికి వెళ్ళి వచ్చాడంటే, మేము ఇంత ఆలస్యంగా కనిపెట్టామంటే, రెండిటికీ కారణం ఈ పక్కదారులే.

ఇప్పుడు కిడ్నీల సంగతి. నాయనమ్మ భయంలో ఒక రకంగా నిజం ఉంది. కిడ్నీలు ఇరుకుకి దిగువన ఉన్నాయి. వాటికి చేరే ఒత్తిడి తక్కువ. ఒంట్లో బీపీ పడిపోయిందని అనుకుని అవి రెనిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. దాంతో రక్తనాళాలు బిగుస్తాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి, పైభాగంలో ముందే ఎక్కువగా ఉన్న బీపీ ఇంకా పెరుగుతుంది. అంటే బీపీ పెంచడంలో కిడ్నీ చెయ్యి ఉంది, కానీ జబ్బు కిడ్నీది కాదు.

అందుకే ఎనలాప్రిల్ వెంటనే ఆపించాను. ఆ రకం మందులు కిడ్నీ పట్టుకుని వేలాడుతున్న ఆ ఒక్క ఆసరాని తీసేస్తాయి. ఇరుకు అలాగే ఉండగా ఇస్తే కిడ్నీలో వడపోత పడిపోయి క్రియాటినిన్ పెరగొచ్చు. అదే జరిగి ఉంటే ఉద్దానంలో ఈ పిల్లాడి మీద కిడ్నీ రోగి అనే ముద్ర పడేది, ఆ తర్వాత గజ్జల్లో చెయ్యి పెట్టి చూసేవాళ్ళు ఇంకెవరూ ఉండేవారు కాదేమో. బదులుగా ప్రొప్రనొలాల్ చిన్న మోతాదులో మొదలుపెట్టాను. ఆపరేషన్‌కి ముందు చేతి బీపీని పూర్తిగా మామూలుకి దించాలని పంతం పట్టకూడదు. చెయ్యి 110కి వస్తే కాలికి, కిడ్నీకి ఏం మిగులుతుంది?

ఎకో, సీటీ, ఒక అనుమానం

ఈసీజీలో ఎడమ గది మందమైన గుర్తులు. ఛాతీ ఎక్స్‌రేలో గుండె సైజు మామూలే. కానీ లైటు బాక్సు మీద పెట్టి పక్కటెముకల కింది అంచులు ఒక్కొక్కటే చూస్తే, వెనక వైపు నాలుగు నుంచి ఎనిమిది దాకా అక్కడక్కడా చిన్న గంట్లు. లావెక్కిన ధమనులు ఏళ్ళ తరబడి ఎముకకి ఒరుసుకుంటే పడతాయవి. మరీ చిన్న పిల్లల్లో ఇవి కనిపించవు. రిపోర్టులో 'నార్మల్' అనే రాసి వచ్చింది. ఏం వెతకాలో రాసి పంపకపోతే రేడియాలజిస్టుని అనలేం.

శ్రీకాకుళంలోనే ఎకో చేయించాం. మెడ గుంట దగ్గర ప్రోబ్ పెట్టి చూస్తే తప్ప ఈ ఇరుకు కనపడదు, మామూలు ఎకోలో ఆ కోణం వదిలేయడం జరుగుతుంటుంది. అందుకే చీటీ మీద 'గజ్జల్లో నాడి బలహీనం, వంపు దాటాక చూడండి' అని రాసి పంపాను. ఇరుకు దగ్గర ఒత్తిడి తేడా 58. గుండె విప్పారే సమయంలో కూడా రక్తం ముందుకి జారుతూనే ఉంది, ఇరుకు గట్టిదేనని చెప్పే గుర్తు ఇది. పక్కదారులు బాగా పెరిగినవాళ్ళలో ఎకో చూపించే తేడా అంకె అసలు కన్నా తక్కువ రావచ్చు కాబట్టి, అంకెకన్నా ఈ గుర్తుకే నేను ఎక్కువ విలువిస్తాను. గుండె పని తీరు బాగుంది. బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలు ఉండాల్సింది రెండే ఉన్నాయి. కోఆర్క్టేషన్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఇలాగే ఉంటుంది. కవాటం ప్రస్తుతానికి బాగానే తెరుచుకుంటోంది, లీకు లేదు.

విశాఖలో సీటీ యాంజియో (రక్తనాళాలు కనపడేలా తీసే స్కాన్) చేశారు. ఇరుకు దగ్గర ధమని 4 మిల్లీమీటర్లు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం దగ్గర అదే ధమని 12. ఇరుకు పైన వంపు చివరి భాగం కూడా కొంచెం సన్నగా ఉంది.

సీటీ తీయించడానికి ఇంకో కారణం ఉంది. మన దేశంలో పెద్ద పిల్లల్లో బృహద్ధమని ఇరుకు కనిపిస్తే టకాయాసు గురించి తప్పకుండా ఆలోచించాలి. అది పుట్టుకతో వచ్చింది కాదు, ధమని గోడ వాచి, మందమై మూసుకుపోయే జబ్బు. సన్నటి జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపుని చూపించే రక్తపరీక్ష) పెరగడం ఉండొచ్చు. ఇరుకు ఒక్కచోట కాకుండా కిందా పైనా, పొట్టలో కిడ్నీ ధమనుల దగ్గర కూడా ఉండొచ్చు. దానికి ముందు మందులతో వాపు తగ్గించాలి, వాపు మీద ఉన్న ధమనిని కోస్తే నిలవదు. మన బాబుకి ఈఎస్‌ఆర్ 12, అలాంటిదే ఇంకో పరీక్ష సీఆర్‌పీ, రెండూ మామూలు, ధమని గోడ పలచగా ఉంది, ఇరుకు ఒక్కచోటే. కిడ్నీ ధమనులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట నాయనమ్మకి ఫోన్‌లో ప్రత్యేకంగా చెప్పాను.

ఇదే జబ్బు పసిబిడ్డలో

ఈ బాబు అదృష్టవంతుల జాబితాలోకి వస్తాడు. ఇరుకు మరీ ఎక్కువగా ఉన్న బిడ్డలకి తొమ్మిదేళ్ళు కాదు కదా, తొమ్మిది రోజుల గడువు కూడా ఉండదు.

కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల ధమనికీ బృహద్ధమనికీ మధ్య డక్టస్ అనే చిన్న గొట్టం ఉంటుంది. ఇరుకు వచ్చేది సరిగ్గా దాని ఎదురుగానే. పుట్టాక కొన్ని రోజులు అది తెరిచి ఉన్నంతకాలం కింది భాగానికి రక్తం దాని గుండా వెళుతుంది, బిడ్డ బాగానే కనిపిస్తుంది, డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపిస్తాం. మొదటి వారం రెండో వారంలో అది మూసుకుంటుంది. ఉన్నట్టుండి బిడ్డ పాలు మానేస్తుంది, ఎగశ్వాస వస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది, మూత్రం ఆగిపోతుంది. పురిటి వాసన పోకముందే షాక్‌తో మళ్ళీ ఆస్పత్రికి. చూసిన వెంటనే ఎవరికైనా తట్టేది ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్స్, సెలైన్ మొదలుపెడతాం. మొదలుపెట్టడం తప్పు కాదు, సెప్సిస్ మనదగ్గర అంత ఎక్కువ. కానీ సెలైన్ ఎక్కిస్తున్న కొద్దీ బిడ్డ పరిస్థితి దిగజారుతుంటే, కాలేయం పెద్దదవుతుంటే, నాలుగు కాళ్ళూ చేతులూ తడిమి చూడాలి. ఒక చిక్కు ఏమిటంటే, బిడ్డ పూర్తి షాక్‌లో ఉంటే చేతి నాడి కూడా దొరకదు, తేడా తెలియదు. కాస్త తేరుకున్నాక మళ్ళీ తడమాలి.

ఈ సమయంలో బిడ్డని నిలబెట్టేది ప్రోస్టాగ్లాండిన్ ఇ1. మూసుకుపోతున్న డక్టస్‌ని మళ్ళీ తెరిపిస్తుంది. డ్రిప్‌లో నిమిషానికి కిలో బరువుకి 0.05 నుంచి 0.1 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టి, పని చేశాక తగ్గిస్తారు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు. బిడ్డ ఊపిరి తీయడం ఆపేయొచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖకి సుమారు 110 కిలోమీటర్లు, ఇచ్ఛాపురం నుంచైతే దానికి రెట్టింపు పైనే. కాబట్టి అంబులెన్సులో ఊపిరి గొట్టం వేయగలిగే మనిషి లేకుండా ఈ డ్రిప్ పెట్టి పంపడం సాహసమే. అయినా మందు లేకుండా పంపడం కన్నా నయం.

పుట్టిన బిడ్డలందరికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి గుండె లోపాలు పట్టుకునే పద్ధతి మంచిదే. కానీ కోఆర్క్టేషన్‌లో చాలామందికి ఆక్సిజన్ శాతం మామూలుగానే ఉంటుంది, యంత్రం పచ్చ లైటే చూపిస్తుంది. మన బాబుకి కూడా చేతికీ కాలికీ 99 శాతమే. డిశ్చార్జ్ రోజు గజ్జల్లో వేలు పెట్టి చూడడానికి పట్టేది అర నిమిషం. ఆ రోజు నాడి బాగున్నా డక్టస్ ఇంకా తెరిచే ఉండొచ్చు కాబట్టి, మొదటి టీకాలకి వచ్చినప్పుడు మళ్ళీ చూడాలి. 2013 నుంచి బళ్ళకీ అంగన్‌వాడీలకీ తిరుగుతున్న బాల స్వాస్థ్య బృందాలు వెతకాల్సిన వాటిలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ఉన్నాయి. ఆ బృందాలు చేతి సంచిలో పిల్లల బీపీ పట్టీ ఒకటి వేసుకుని వెళితే ఇలాంటి బాబులు ఒకటో తరగతిలోనే దొరుకుతారు.

ఆపరేషన్

ఇంట్లో మొదటి మాట: "పెద్దయ్యాక చేయిస్తే?" వద్దు. ఆపరేషన్ లేని రోజుల్లో ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు సగటున 35 ఏళ్ళ దగ్గరే పోయేవాళ్ళు. గుండె అలసిపోవడం, ధమని చిట్లడం, మెదడులో రక్తస్రావం, గుండె లోపల ఇన్ఫెక్షన్. స్టాక్‌హోమ్‌లో క్రాఫోర్డ్ అనే సర్జన్ 1944లో మొదటిసారి ఇరుకు ముక్క కోసి అంటించాక ఆ లెక్క మారింది. ఇంకో కారణం: ఆలస్యమైన కొద్దీ ఇరుకు తీసేశాక కూడా బీపీ మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది.

విశాఖలో సర్జన్, కార్డియాలజిస్టు కలిసి చూశారు. తొడ ధమనిలోంచి వెళ్ళి స్టెంట్ వేయడం పెద్ద పిల్లల్లో, పెద్దవాళ్ళలో ఇప్పుడు బాగా నడుస్తున్న పద్ధతి. పిల్లాడు 24 కిలోలు, అటూ ఇటూ కాని బరువు. తర్వాత పెద్దవాళ్ళ సైజుకి విప్పగలిగే స్టెంట్ వేయాలంటే దాని గొట్టం లావుగా ఉంటుంది, తొడ ధమని దెబ్బతినొచ్చు. ఎదిగే కొద్దీ దాన్ని మళ్ళీ మళ్ళీ బెలూన్‌తో విప్పాలి. పైగా వంపు చివరి భాగం కూడా సన్నగా ఉంది. ఆపరేషన్‌కే మొగ్గారు. నాకూ అదే సరి అనిపించింది.

మేనమామకి ఉన్న భయం ఛాతీ మధ్యలో కోసి గుండె ఆపేస్తారని. ఇది అలా కాదు. ఎడమ పక్కన, పక్కటెముకల మధ్య నుంచి వెళతారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, హార్ట్ లంగ్ మెషీన్ అక్కర్లేదు. ఇరుకు పైనా కిందా బిగింపు పెట్టి, ముక్క తీసేసి, రెండు చివరలూ కలిపి కుట్టేస్తారు. బిగింపు ఉన్నంతసేపు వెన్నుపాముకి రక్తం తగ్గుతుంది. కాళ్ళు పడిపోయే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువే, కానీ దాచకూడదు. తండ్రి చెన్నై నుంచి వచ్చాక ఆయనకే సూటిగా చెప్పాను. పక్కదారులు బాగా పెరిగిన పిల్లల్లో ఈ ప్రమాదం ఇంకా తక్కువ. అవే పక్కదారులు కోసేటప్పుడు రక్తం ఎక్కువ కార్పిస్తాయి, అది వేరే తలనొప్పి.

ఖర్చు పథకం కిందే అయింది. దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. అనుమతి రావడానికి కొంత టైము పట్టింది, ఆ మధ్యలో పిల్లాడిని ఆటలకి దూరంగా ఉంచి, ప్రొప్రనొలాల్ ఆపకుండా చూసుకున్నారు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. కాళ్ళకి నాడి థియేటర్లోనే వచ్చింది. ఆ రాత్రి ఐసీయూలో చేతి బీపీ 160 దాటింది. తండ్రి ఫోన్ చేశాడు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది: "ఇరుకు తీసేశారు కదండి, ఇంకా పెరిగిందేటి?" ఇది ఊహించిందే. ఏళ్ళ తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడిన నాడీ వ్యవస్థ మొదటి రోజు దాన్ని తగ్గనివ్వదు, రెండో మూడో రోజుల్లో రెనిన్ తన వంతు చేస్తుంది. కొత్త కుట్ల మీద ఆ ఒత్తిడి పడకుండా డ్రిప్ మందులతో పట్టి ఉంచుతారు. ఇన్నాళ్ళు తక్కువ రక్తంతో బతికిన పేగుల ధమనుల్లోకి ఒక్కసారిగా పూర్తి ఒత్తిడి వస్తే పొట్టనొప్పి, వాంతులు వస్తాయి. అందుకని తిండి నెమ్మదిగా మొదలుపెట్టారు. మూడో రోజు బాబు పొట్ట పట్టుకుని ఏడిస్తే ఆ పూట ఆపేశారు, మర్నాటికి తగ్గింది. ఇంటికి వచ్చేటప్పుడు ప్రొప్రనొలాల్‌తో పాటు ఎనలాప్రిల్ కూడా ఇచ్చారు. ఆపమన్న మందే మళ్ళీ రాశారేమిటని తల్లి చీటీ పట్టుకుని వచ్చింది. ఇరుకు పోయాక కిడ్నీలకి పూర్తి ఒత్తిడి అందుతోంది, ఇప్పుడు ఆ మందు సరైనదే.

ఇప్పుడు

ఆరు వారాలకి కుడి చేతికి 124/78, కాలికి 122. ఆరు నెలలకి చేతికి 114/72, కాలికి 120. ప్రొప్రనొలాల్ ఆపేశాం, ఎనలాప్రిల్ చిన్న మోతాదు నడుస్తోంది. ఎకోలో ఎడమ గది మందం తగ్గుముఖం పట్టింది. పరిగెత్తితే కాళ్ళు పీకడం లేదు. వీపు మీద ఆ ధమని ఇప్పుడు వేలికి అందడం లేదు. కబడ్డీ ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను, క్రికెట్‌కి అడ్డు లేదు. పెద్దయ్యాక కూడా జిమ్‌లో బరువులు ఎత్తే ముందు అడగాలి.

జబ్బు నయమైపోయింది కదా అని ఫైలు అటకెక్కించవద్దని తల్లికి చెప్పాను. కుట్టిన చోట మళ్ళీ ఇరుకు రావచ్చు, ఉబ్బు రావచ్చు, బీపీ ఏళ్ళ తర్వాత తిరిగి రావచ్చు. ఏటా చేతికీ కాలికీ బీపీ, ఎకో. కొన్నేళ్ళకోసారి సీటీ లేదా ఎమ్మారై. రెండు రెక్కల కవాటాన్ని జీవితాంతం గమనించాలి. పళ్ళు, చిగుళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి, నోటిలోంచి వెళ్ళే క్రిములు గుండెలో ఇన్ఫెక్షన్‌కి కారణం కావచ్చు.

నాయనమ్మకి రెండు ప్రశ్నలు మిగిలాయి: నీళ్ళ వల్లా, మేనరికం వల్లా? గుండె, పెద్ద ధమనుల రూపం గర్భం మొదటి రెండు నెలల్లోనే తయారవుతుంది. తాగే నీటికీ దీనికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. దగ్గర సంబంధాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు కొంత ఎక్కువే, కానీ ఈ పిల్లాడికి అందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. వాళ్ళది మేనరికం, తల్లి తలొంచుకుని కూర్చుంది, ఆ మాట ఆమెని చూసే చెప్పాను.

రెండు రెక్కల కవాటం మాత్రం కుటుంబంలో నడుస్తుంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో పదిమందికి ఒకరి దాకా అది ఉండొచ్చు, పైకి ఏ బాధా ఉండదు. చెల్లికి ఎకో తీశాం, బాగుంది. చెల్లి చేతికీ కాలికీ బీపీ చూస్తుంటే బాబు పక్కన నిలబడి పట్టీ ఎక్కడ కట్టాలో చెబుతున్నాడు. తల్లి కవాటం కూడా మామూలే. తండ్రి ఆపరేషన్ అయిన వారానికే చెన్నై వెళ్ళిపోయాడు, ఆయన ఎకో ఇంకా కాలేదు. సంక్రాంతికి వస్తాడట, అప్పుడు చేయించుకుంటానన్నాడు.